తోటమాలి అడిగిన ప్రశ్న

2023 ఏప్రిల్ 10, సోమవారం. ఈస్టరు మర్నాడు. బుడాపెస్ట్‌లో నేను అద్దెకుంటున్న పాత మేడలో పొద్దున తొమ్మిదింటికి తలుపు గంట మోగింది. తీసి చూస్తే పై అంతస్తు పిల్లాడు. ఏడెనిమిదేళ్లుంటాయి. తెల్ల చొక్కా, తడిపి దువ్విన జుట్టు. వెనక వాళ్ల నాన్న. పిల్లాడు నాలుగు పాదాల పద్యం ఒక్క ఊపిరిలో అప్పజెప్పాడు. ఆఖరి పాదం ప్రశ్నలాగా పైకి లేచింది. ఆ ప్రశ్న ఏమిటో నాకు అర్థమయ్యేలోపే వాడి చేతిలోని చిన్న సీసా నా నెత్తి మీద ఒరిగింది. చవక సెంటు ఘాటుగా ముక్కులోకి ఎక్కింది. ఆ తర్వాత తండ్రీ కొడుకులిద్దరూ నన్నే చూస్తూ నిలబడ్డారు. నేను ఏదో చెయ్యాలి, ఏం చెయ్యాలో తెలియదు. పక్క వాటా ముసలావిడ తన గుమ్మంలోంచే వేళ్లు గుండ్రంగా చుట్టి సైగ చేసింది. గుడ్డు! శనివారం ఆవిడ నాకు నాలుగు రంగు గుడ్లు ఇచ్చి వెళ్లింది. తినడానికనుకుని రెండు తినేశాను కూడా.

ఈస్టరు నాకు కొత్త కాదు. అదే ఇక్కడ నన్ను తికమక పెట్టిన సంగతి. క్రిస్మస్‌కీ హోలీకీ తేడా తెలియని విదేశీయురాలినైతే వింతగా చూసి ఊరుకుందును. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో ఈస్టరంటే చీకటితో లేవడం, తలస్నానం, సమాధుల తోటలో కొవ్వొత్తులు, సున్నం కొట్టిన సమాధుల మీద బంతిపూలు, తెల్లారేదాకా పాటలు. మా నాన్నమ్మ బైబిలు ఉమన్‌గా పనిచేసింది. చేతిసంచీలో బైబిలూ పాటల పుస్తకమూ పెట్టుకుని ఊరూరూ తిరిగి, మగ ప్రసంగీకులు అడుగు పెట్టలేని వంటిళ్లలో కూర్చుని ఆడవాళ్లకు చదివి వినిపించేది. పల్పిట్ మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ఈస్టరు వాక్యం ఎప్పుడూ పాస్టరుగారే చెప్పేవారు. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాక నాన్నమ్మ గొణిగేది, "ముందు చూసింది మేమే, ముందు చెప్పిందీ మేమే" అని. ఆ 'మేము' అంటే ఎవరో నాకు చాలాకాలం తెలియలేదు.

అందుకని బుడాపెస్ట్‌లో ఈస్టరుకి నేను అతిథిని కాననుకున్నాను. పండగ నాదే. ఆచారం నాది కాదని సోమవారం పొద్దున తెలిసింది.

మన పాఠకులకి బుడాపెస్ట్ అంటే అమృతా షేర్గిల్ పుట్టిన ఊరు (1913). ఈ దేశపు భాషలో ఈస్టరు పేరు 'హూష్‌వేట్'. నలభై రోజుల ఉపవాసం ముగిసి మళ్లీ మాంసం ముట్టుకోవడమని దాని అర్థం. ఉడికించిన పందిమాంసం, ముల్లంగిలా ఘాటెక్కే ఒక దుంప తురుము, గుడ్లు, జడలా అల్లిన తియ్యటి రొట్టె 'కలాచ్'. ఇల్లు కడగడం దగ్గర్నుంచి ఇవన్నీ చేసేది ఎవరో చెప్పక్కర్లేదు. సోమవారం సెలవు. ఆ రోజు మగవాళ్లూ మగపిల్లలూ తెలిసిన ఆడవాళ్ల ఇళ్లన్నీ తిరిగి నీళ్లు గానీ సెంటు గానీ చల్లుతారు. దీన్ని 'లొచొల్కొదాష్' అంటారు. చల్లించుకున్న ఆడవాళ్లు గుడ్డు ఇస్తారు, పెద్దవాళ్లకి పాలింకా అనే పళ్లసారా పోస్తారు, పిల్లలకి డబ్బులిస్తారు. పొరుగున చెక్ దేశంలో నీళ్లకు బదులు విల్లో కొమ్మలతో అల్లిన కొరడా. దాంతో ఆడవాళ్ల కాళ్ల మీద కొడతారు, ఏడాదంతా ఆరోగ్యంగా, పడుచుగా ఉంటారట. మా మేడలో సెంటుతో సరిపోయింది కాబట్టి నా అదృష్టమే అనుకోవాలి.

ఈ సెంటు పట్నం సుకుమారం. పల్లెల్లో సీసా కాదు, బకెట్టు. ఆ సోమవారానికి 'నీళ్లలో పడేసే సోమవారం' అనే అర్థం వచ్చే పాత పేరుంది. ఆడపిల్లల్ని బావి దగ్గరికో పశువుల తొట్టి దగ్గరికో ఈడ్చుకెళ్లి ముంచేవాళ్లు. హోల్లోకో అనే పల్లె 1987 నుంచీ యునెస్కో వారసత్వ స్థలం. అక్కడ ఈస్టరు ఉత్సవంలో ఇప్పటికీ ఊరి కుర్రాళ్లు పాతకాలపు దుస్తుల్లో, పొరలుపొరలుగా లంగాలు కట్టిన అమ్మాయిల మీద బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు. టిక్కెట్టు కొనుక్కొచ్చిన జనం ఫోటోలు తీసుకుంటారు. ఆ ఫోటోల్లో అమ్మాయిలు కళ్లు మూసుకుని, నోరు తెరిచి ఉంటారు. నవ్వో కేకో చెప్పలేం. అలాంటి బొమ్మలు చాలాసేపు చూశాను. చెప్పలేకపోయాను.

నా చదువు సాహిత్యం కనక నన్ను పట్టుకున్నది నీళ్లకంటే ఆ పద్యం. దాన్ని 'లొచొలోవెర్ష్' అంటారు, చల్లే పద్యమని. ప్రతి మగపిల్లాడికీ ఒకటైనా వచ్చు. బళ్లో నేర్పుతారు, తాత నేర్పుతాడు. వందల సంఖ్యలో ఉన్నాయి. గుడ్డు ఇవ్వకపోతే చూడమని బెదిరించేవి, డబ్బుకోసం పేచీపెట్టేవి, సారా ఎక్కాక మాత్రమే చెప్పుకునే బూతువి. కానీ అందరికీ తెలిసిన వాటి ఎముకలగూడు ఒకటే. ఒక అబ్బాయి తోటలోనో అడవిలోనో నడుస్తుంటాడు. ఒక పువ్వు కనిపిస్తుంది. అది వాడిపోబోతోంది. దానికి నీళ్లు చల్లవచ్చా అని అడుగుతాడు. కొన్నింట్లో అబ్బాయి తనని తాను చిన్న తోటమాలినని చెప్పుకుంటాడు.

స్త్రీని పువ్వనడం మనకేం కొత్త? ఇక్కడి ఆడవాళ్ల పేర్లలో విరాగ్ అంటే పువ్వు, ఇబొయ అంటే వయొలెట్. మనకీ సరోజలూ మల్లికలూ ఉన్నారు. కరుణశ్రీ 'పుష్పవిలాపం'లో పువ్వులు కనీసం నోరు తెరుస్తాయి, కోయడానికొచ్చినవాణ్ణి నిలదీస్తాయి. ఆ మాటలూ ఒక మగకవి పెట్టినవేనన్నది వేరే సంగతి, ఘంటసాల గొంతులో అవి విని ఏడ్చిన ఆడవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. హంగరీ పద్యంలో పువ్వుకి ఆ మాత్రం కూడా లేదు. ప్రశ్నతో పద్యం అయిపోతుంది. జవాబుకి పాదం లేదు. ప్రశ్న అడిగినవాడి చెయ్యి అప్పటికే సీసాతో సహా పైకి లేచి ఉంటుంది.

ఆ ప్రశ్నలోని క్రియ కూడా చూడండి. 'సబద్' అంటే 'చెయ్యవచ్చు, అనుమతి ఉంది'. అదే మాటకి 'స్వేచ్ఛగల' అనీ అర్థం. స్వేచ్ఛని 'సబద్‌షాగ్' అంటారు. ఎవరి స్వేచ్ఛ అని అడిగే అవకాశం భాషలోనే ఉంది, పద్యంలో లేదు. ఇంకో విశేషం, హంగేరియన్‌లో లింగభేదమే లేదు. ఆయనకీ ఆమెకీ ఒకటే సర్వనామం. ఆవిడా వచ్చింది, గేదే వచ్చింది అనే తెలుగు క్రియతో సిగ్గుపడి, భాష మారితే చాలా మారుతుందని పీహెచ్‌డీ రోజుల్లో నేను గట్టిగా వాదించిన మాట నిజం. లింగభేదంలేని భాషలో ఇంత నిక్కచ్చిగా లింగం చూసుకుని నీళ్లు చల్లుతున్నారంటే ఆ వాదన కొంచెం సర్దుకోవాల్సి ఉంది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది ఈ ఆచారం పుట్టుకకి ఇక్కడ చెప్పే ఒక ఐతిహ్యం. యేసు లేచాడన్న వార్త మోసుకుంటూ ఆడవాళ్లు సంతోషంతో కేకలు వేస్తూ వీధుల్లో పడితే, వాళ్ల నోళ్లు మూయించడానికి నీళ్లు కుమ్మరించారట. ఎవరు? సమాధికి కాపలా ఉన్న సైనికులని ఒక పాఠం, యూదులని ఇంకో పాఠం. (1944లో రెండు నెలలైనా నిండకముందే నాలుగు లక్షలకు పైగా యూదుల్ని రైళ్లెక్కించిన దేశంలో ఆ రెండో పాఠాన్ని జానపదమని ముచ్చటగా చదవలేం.) చరిత్రగా దీనికి ఆధారం లేదు, పాగాను కాలపు వసంత ఆచారానికి తర్వాత తొడిగిన చొక్కా అని సులువుగానే చెప్పవచ్చు. కానీ ఐతిహ్యం తెలిసి చెప్పినా తెలియక చెప్పినా నిజమే చెప్పింది: నీళ్లు చల్లింది మాట్లాడుతున్న ఆడవాళ్ల మీద.

సువార్తల్లో మాటలమీద నీళ్లు చల్లడానికి బకెట్టు కూడా అక్కర్లేకపోయింది. లూకా 24వ అధ్యాయంలో ఆడవాళ్లు చెప్పింది అపొస్తలులకి అర్థంలేని మాటల్లా తోచి నమ్మరు. యోహాను 20వ అధ్యాయంలో మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడుస్తూ, ఎదురుగా నిలబడ్డవాణ్ణి తోటమాలి అనుకుంటుంది. చల్లే పద్యంలోనూ ఉన్నది తోటే, తోటమాలే, ఒక స్త్రీయే అని తట్టినరోజు నాకు నిద్రపట్టలేదు. కానీ సువార్తలో తోటమాలిని ప్రశ్న అడిగేది ఆమె. ఆయన ఆమెని పేరుపెట్టి పిలుస్తాడు, పువ్వు పేరు పెట్టి కాదు. ఆ తర్వాత ఆమెని తోటలో ఉంచుకోడు, వెళ్లి చెప్పమంటాడు. పద్యంలోని తోటమాలి ఆమెని మళ్లీ తోటలో పాతి నీళ్లు పోస్తున్నాడు. మా నాన్నమ్మ 'మేము' అన్నది ఆ వెళ్లి చెప్పినవాళ్లని.

ఇక్కడిదాకా రాసి ఈ వ్యాసం అయిపోయిందనుకున్నాను. అప్పట్లో పెట్టిన పేరు 'నీటి హింస'. అలా రాయడానికి నాకో సొంత కారణం ఉంది. ఆ సోమవారం మధ్యాహ్నం తెలిసినవాళ్లింట్లో భోజనానికి పిలిచారు. ఆ ఇంటి బంధువు ఒకాయన, యాభై దాటినవాడు, పాలింకా బాగా పట్టించినవాడు, పద్యం గిద్యం ఏమీ లేకుండా వెనకనుంచి వచ్చి నా మెడమీద, జాకెట్టు లోపలికి సెంటు ఒంపాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బుట్టలోంచి గుడ్డు తీసి ఇచ్చాను కూడా. హైదరాబాదులో అయితే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. పరాయి దేశంలో ఆచారం తెలియనివాళ్లకి కాదనే హక్కు ఉందో లేదో తెలియదు, కాదంటే వాళ్ల పండగని అవమానించినట్టవుతుందేమో. ఆ సంకోచం మీదే అతను లెక్క వేసుకున్నాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అతని చెయ్యి కాదు, నా నవ్వు.

అయితే దీన్ని 'తూర్పు యూరప్‌వాళ్ల మొరటు ఆచారం' అని రాసి పంపించే ముందు ఆగాల్సొచ్చింది. చంద్రా తల్పాడే మొహంతీ 1980ల్లో రాసిన వ్యాసం నుంచీ మనం పాశ్చాత్యుల కళ్లకింద నలిగిపోతున్నామని వాదిస్తూనే ఉన్నాం. ఇప్పుడు నా తూర్పు కళ్లు చేస్తున్నదేమిటి? ఢిల్లీలో హోలీనాడు అమ్మాయిల్ని హాస్టళ్లలో పెట్టి తాళాలు వేస్తే పింజ్రా తోడ్ అమ్మాయిలు ప్రశ్నించారు, ఏమీ అనుకోవద్దంటూ పూసే రంగులు మనకి తెలియనివా? మన పెళ్లిళ్లలో వసంతం చల్లుకోవడం వరసైనవాళ్లకి సరదా, వరస పేరుతో మీదపడేవాళ్లకి సందు. కాకపోతే వసంతంలో మరదలు కూడా బావ మీద చల్లుతుంది. పన్నీరు బుడ్డి పట్టుకుని పెళ్లి గుమ్మంలో నిలబడేదీ ఆడపిల్లే, వచ్చినవాళ్లందరి మీదా చల్లుతుంది. ఇక్కడా కొన్ని ఊళ్లలో మంగళవారం నాడు ఆడవాళ్లు తిరిగి చల్లే ఆనవాయితీ ఉండేది. అది సెలవుదినం కాలేదు, దానికి పద్యాలూ పుట్టలేదు.

నా తొందరపాటుని బయటపెట్టింది పక్కవాటా ఆవిడ. ఇక్కడ పెద్దావిడల్ని పేరు చివర 'నేని' అని చేర్చి పిలుస్తారు, మన పిన్నిగారూ అన్నట్టు. నేనూ అలాగే పిలుస్తాను. ఎనభై దాటాయి. నాకొచ్చిన అరకొర హంగేరియన్‌లో ఆ బంధువు సంగతి చెప్పి, మీ ఆచారం ఇదేనా అన్నాను.

"అమ్మాయ్, వాడు చల్లేవాడు కాదు, తాగుబోతు. పద్యం చెప్పలేదుగా!" అంది.

నాకు జవాబులేని ప్రశ్నగా కనిపించింది ఆవిడకి గడపలాంటిది. బకెట్టు పట్టుకున్నవాడికి ప్రశ్న అక్కర్లేదు. పద్యం చెప్పేవాడు కనీసం నాలుగు పాదాలసేపు గుమ్మం బయట నిలబడాలి. ఆ నాలుగు పాదాల వ్యవధిలో ఆడది వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసుకుంటుంది. నా విమర్శలో ఆ వ్యవధికి చోటు లేదు.

మరి ఆ మొదటి సోమవారం సాయంత్రం నేను చూసిందేమిటి? ఐదింటికి ఇంటికొస్తుంటే ఆవిడ వాటా తలుపు తెరిచే ఉంది. మంచి జాకెట్టు, దువ్విన తెల్ల జుట్టు. బల్ల మీద కలాచ్, మాంసం ముక్కలు, చిన్న గ్లాసులు, పళ్లెంలో ఎనిమిది గుడ్లు. ఎనిమిదీ అలాగే ఉన్నాయి. పై అంతస్తు పిల్లాడు నా దగ్గరనుంచి అటే వెళ్లకుండా మెట్లు దిగిపోయాడట, ముసలావిడ నిద్రపోతుంటుందని వాళ్ల నాన్న అనుకున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. గ్లాసులు తీసి లోపల పెట్టుకుంది. చాలాసేపటికి వాళ్ల పల్లె సంగతి ఒకటి చెప్పింది. ఒక ఏడు వాళ్లక్క కోసం ఎవరూ రాలేదు. చీకటిపడ్డాక వాళ్లమ్మే బిందెడు నీళ్లు తెచ్చి గుమ్మం ముందు పారబోసింది, పొద్దున చూసేవాళ్లకి తడి కనబడాలని.

ఆ తడినేలని నేను ఏ సిద్ధాంతంలో పెట్టను? పితృస్వామ్యం ఆడవాళ్లచేత తనని తానే కోరుకునేలా చేస్తుందని రాయవచ్చు, అబద్ధం కాదు. కానీ ఎనభై ఏళ్లావిడ ఆ రోజు కోరుకున్నది మగవాడి నీళ్లని కాదు. ఎవరైనా గంట కొట్టడాన్ని. వాడిపోబోయే పువ్వు అన్న పోలికలోని అసలు క్రూరత్వం అక్కడుంది: నిజంగా వాడిపోయినవాళ్ల దగ్గరికి తోటమాలి రాడు.

మగ్దా సాబో నవల 'తలుపు' (1987) లెన్ రిక్స్ ఇంగ్లీషు అనువాదంలో అంతకుముందే చదివాను. ఆ రోజు తర్వాత మళ్లీ చదివాను. అందులో ఎమెరెన్స్ పనిమనిషి, ముసలిది, వీధి వీధంతా ఊడ్చి, అందరికీ వండిపెట్టి, తన గది తలుపు మాత్రం ఎవరికీ తియ్యదు. చుట్టాలైనా వసారాలోనే. ఆఖరికి ఆ తలుపు బద్దలయ్యేది శత్రువుల వల్ల కాదు, కథ చెప్పే రచయిత్రి ప్రమేయంతో, మంచే చేద్దామన్న ఉద్దేశంతో. మొదటిసారి చదివినప్పుడు ఎమెరెన్స్ మొండితనం నాకు అర్థం కాలేదు. అందరికీ తెరవాల్సిన తలుపు ఏడాదికో రోజు ఉన్న దేశంలో, ఎవరికీ తియ్యని తలుపు ఎంత పెద్ద మాటో ఇప్పుడు తెలుస్తోంది. మంచి ఉద్దేశంతో తలుపు బద్దలుకొట్టే రచయిత్రిలో 'నీటి హింస' రాసిన నేనూ కొంత కనిపించాను.

2024లో ఈస్టరు మార్చి 31న వచ్చింది. శనివారం నేని నన్ను వంటింట్లోకి పిలిచి గుడ్లకి రంగువెయ్యడం నేర్పింది. గుడ్డుకి కొత్తిమీరలాంటి ఆకు ఒకటి అంటించి, పాత నైలాను మేజోడు ముక్కతో బిగించి కట్టి, ఉల్లిపొట్టు నీళ్లలో ఉడికించాలి. విప్పితే ముదురు ఇటుక రంగు మీద ఆకు తెల్లగా మిగులుతుంది. ఇది బద్ధకస్తుల పద్ధతిట. వాళ్లమ్మ అయితే గుడ్డు 'రాసేది'. నేను సరిగ్గా విన్నానా అని మళ్లీ అడిగాను. సరిగ్గానే విన్నాను. కరిగించిన తేనెమైనంతో సన్నటి గొట్టం మొనతో గుడ్డుపెంకు మీద గీతలు గీసి, రంగులో ముంచి, మైనాన్ని కరిగించి తీసేస్తారు. గొర్రు పళ్లు, ఓక్ ఆకు, ఇలా ఒక్కో నమూనాకీ ఒక్కో పేరుంది. అలాంటి గుడ్డుని హంగేరియన్‌లో రాసిన గుడ్డు అంటారు. రాసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. పాత తెలుగులో మనమూ బొమ్మని 'వ్రాసే'వాళ్లం.

జవాబుకి పాదం లేదని నేను రాసుకున్న వాక్యం పక్కన ఆ రాత్రి ప్రశ్నార్థకం పెట్టాను. జవాబు ఉంది, రాసే ఉంది. నాలుగు పాదాల గాలిమాటకి బదులుగా చేతిలో పెట్టే వస్తువు మీద. పద్యాలు సంకలనాలకెక్కాయి, రాసినవి ఒలిచి తినేశారు. అంతమాత్రాన ఆడవాళ్లకి అన్యాయం జరగలేదని అనను. గొర్రు పళ్ల గీతకి 'వద్దు' అనే అర్థం ఎక్కడా లేదు, నేను వెతికాను. 'వద్దు' అనడానికి ఆ రాతలో గుర్తేదైనా ఉండేదా అని నేనిని అడిగితే, "వద్దనుకుంటే చెడిపోయిన గుడ్డు ఇచ్చేవాళ్లం" అని పడీపడీ నవ్వింది.

ఏప్రిల్ 1, సోమవారం. తొమ్మిదింటికి గంట మోగింది. అదే పిల్లాడు, ఏడాది పొడుగు పెరిగాడు, ఈసారి ఒక్కడే. అదే పద్యం. ఆఖరి పాదం పైకి లేవగానే, సీసా లేవకముందే, నేను చాలా మర్యాదగా, ముందురోజు సాధన చేసుకున్న హంగేరియన్‌లో అన్నాను: "వద్దు, థాంక్స్. గుడ్డు మాత్రం తీసుకో."

పిల్లాడు నన్ను చూశాడు. గుడ్డుని చూశాడు. పాపం, ఈవిడకి భాష రాదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చేతులు మళ్లీ వెనక్కి పెట్టుకుని, పద్యం మొదటినుంచీ, ఈసారి మాటమాటా విడదీసి, నెమ్మదిగా, గట్టిగా చెప్పాడు.

నేను మళ్లీ "వద్దు" అన్నాను.

పక్క గుమ్మంలోంచి నేని నవ్వు వినిపించింది. ఆ మంచి జాకెట్టే వేసుకుని, చేతిలో పళ్లెంతో వసారాలోకి వచ్చింది. "ఇటు రారా అబ్బాయ్," అంది, "ఇక్కడ సబద్." వాడు సీసా మూత బిగించుకుని అటు పరిగెత్తాడు. ఆవిడ తల వంచలేదు, ముందు పద్యం మొత్తం చెప్పించుకుంది.